ఒకే ఖాతా, ఒకే తాళము

ఒక ఉమ్మడి ఖాతాలో 1000 రూపాయలున్నవి. భర్త ఒక ఊరినుండి 800, అదే క్షణమున భార్య వేరొక ఊరినుండి 700 రూపాయలు తీయగోరిరనుకొనుడు. కంప్యూటరు రెండు కోరికలను ఒక్కమారుగా విచారించినచో, రెండింటికిని 1000 రూపాయల నిల్వయే కన్పించును, రెండును చెల్లును. ఖాతాలో లేని 500 రూపాయలు వెలికిపోవును! లెక్కలో తప్పులేదు, తప్పంతయు వేళలో నున్నది.

టోకెను పద్ధతి గల ఒంటిదారి రైలుమార్గముపై టోకెను చేతికందనిదే డ్రైవరు బండిని ముందుకు నడుపడు. ప్రోగ్రాములలో తాళము చేయు పనియు నిట్టిదే. ఒకేసారి నడచు పనులు ఎన్నియున్నను వర్తించు పరిష్కారమును డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1965లో ప్రకటించెను. ఆయన రూపొందించిన మరియొక సాధనమునకు రైలు సంకేతస్తంభము పేరిట 'సెమఫోర్' అనియే పేరు. జావా భాషలో మెథడునకు 'సింక్రనైజ్డ్' అను మాట చేర్చినచో, ఆ ఖాతాపై ఒక పని ముగియువరకు రెండవది వేచియుండును.

అయితే నిల్వ చూచుటకును, సొమ్ము తగ్గించుటకును నడుమ తాళము తీయరాదు. ఆ ఖాతాను తాకు ప్రతి మెథడును ఆ తాళమునే వాడవలెను. పెరటి తలుపు తెరచియుంచి, వీధి తలుపు బిగించిన ఫలమేమి?