నీరే క్యాలెండర్‌.. దూరమే మర్యాద
నేలపట్టు, పులికాట్‌లలో ఏ రుతువుకు ఏ చిత్రం?

సూళ్లూరుపేట: నేలపట్టు చెరువు నిండితే పక్షులు వస్తాయి. పక్షులు వస్తే కెమెరాలూ వస్తాయి. చిక్కల్లా ఒక్కటే. ఛాయాచిత్రాలకు అత్యంత అనువైన నెలల్లోనే పక్షులు గుడ్లు పొదిగి పిల్లలను సాకుతాయి. ఆ సమయంలో ఒక్క అడుగు ముందుకు వేసినా గూటిలోని పిల్ల ప్రాణానికి ముప్పు రావచ్చు. అందుకే ఏ రుతువులో ఏం తీయాలో, ఎంత దూరంలో ఆగాలో ముందే తెలుసుకోవడం అవసరం.

వానలతో ఆరంభం
ఈ ప్రాంతానికి ప్రధాన వర్షాధారం ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి కురిసే వానలకు చెరువు నిండి, అందులోని కడప చెట్ల మొదళ్లు నీట మునుగుతాయి. చుట్టూ నీరుండటంతో గూళ్లకు రక్షణ దొరుకుతుంది. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఆ కొమ్మలపై కాపురం పెడతాయి. పుల్లలు మోసుకొచ్చే పక్షులను తీయడానికి ఇదే అదను. రెక్కల కదలిక స్పష్టంగా రావాలంటే షట్టర్‌ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకూడదు. ముదురు ఆకుల నడుమ తెల్లని పక్షి ఉన్నప్పుడు కెమెరా వెలుగును అతిగా తీసుకుంటుంది. ఎక్స్‌పోజర్‌ను కాస్త తగ్గిస్తేనే ఈకల గీతలు నిలుస్తాయి.

శీతాకాలపు వెలుగు
డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పులికాట్‌లో ఫ్లెమింగోల సందడి. కచ్‌ రణ్‌ వంటి చోట్ల గూళ్లు కట్టే ఈ పక్షులు ఇక్కడికి ప్రధానంగా మేత కోసమే వస్తాయి. నీరు మరీ లోతైతే వాటికి మేత అందదు. అందువల్ల సరస్సు నీటిమట్టాన్ని బట్టి గుంపులు చోటు మారుస్తుంటాయి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మీదుగా దాదాపు తూర్పు దిక్కుగా సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. కనుక రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షులపై వెలుగు నేరుగా పడి గులాబీ రంగు చక్కగా కనిపిస్తుంది. దక్షిణం వైపు తీస్తే నీడరూపాలే వస్తాయి. పక్షులు గాలికి ఎదురుగా వాలతాయి. ఈశాన్య గాలి వీచే ఉదయం సూర్యుణ్ని వెనుక ఉంచుకొని నిలబడితే వాలే పక్షి ముఖం కెమెరా వైపే ఉంటుంది.

ఎండలు, తొలకరి
మార్చి తర్వాత నీరు తగ్గుతుంది. పెరిగిన పిల్లలు ఎగరడం నేర్చుకుంటాయి. ఎండ ముదిరాక నేలపై వేడిగాలి ఆవిరిలా కదలడంతో దూరపు చిత్రాలు మసకబారుతాయి. ఉదయం ఎనిమిది గంటలలోపే పని ముగించుకోవడం మేలు. బీటలు వారిన సరస్సు గర్భం కూడా చూడదగ్గ దృశ్యమే. తొలకరి తర్వాత చుట్టుపక్కల తాటిచెట్లపై గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. పసుపు తలల మగపక్షులను తీయడానికి ఖరీదైన లెన్స్‌ లేకున్నా ఓపిక ఉంటే చాలు.

గూటి జోలికి పోవద్దు
గూడబాతు పిల్లలకు పుట్టినప్పుడు ఈకలుండవు. తల్లిదండ్రులే రెక్కలతో నీడ పడతాయి. మనిషి అలికిడికి అవి బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకు అల్లాడతాయి, గుడ్లను కాకులు తన్నుకుపోతాయి. ఎగిరే గుంపు కోసం చప్పట్లు కొట్టడం, రాళ్లు విసరడం, కొమ్మలు నరకడం వల్ల జరిగే నష్టం ఇదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. అభయారణ్యంలో అనుమతించిన దారులు, పరిశీలన గోపురం దాటి వెళ్లరాదు. అనుమతి లేకుండా డ్రోన్‌ ఎగరవేయరాదు.

పక్షి మేత మాని తలెత్తి చూసిందంటే మనిషి హద్దు దాటినట్లే. అక్కడే ఆగి, నెమ్మదిగా వెనక్కు తగ్గాలి. గూటిపై పక్షి కదలకుండా ఉండగా తీసిన చిత్రమే మంచి చిత్రం. ఆ పిల్లలు క్షేమంగా ఎగిరిపోతేనే మళ్లీ వానలకు చెరువు కళకళలాడుతుంది.