ఇల్లు ఇటు, పొలం అటు - నడుమ జాతీయ రహదారి

సూర్యాపేట: హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి వెంట ఉన్న పల్లెల ప్రజలకు రోడ్డు దాటడం ప్రాణసంకటంగా మారింది. చిట్యాల మొదలు కోదాడ వరకు ఎందరికో ఇళ్లు ఒక వైపు, పొలాలు మరో వైపు ఉన్నాయి. కూలీలు, బడిపిల్లలు, పశువుల కాపరులు రోజుకు రెండుసార్లయినా రోడ్డు దాటక తప్పదు. లోగడ 9వ నంబరుగా ఉండి ఇప్పుడు 65వ నంబరుగా వ్యవహరిస్తున్న ఈ రహదారిని నాలుగు వరుసలు చేశాక వాహనాల వేగంతోపాటు దాటవలసిన దూరమూ పెరిగింది.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా వారిలో 32,825 మంది పాదచారులేనని కేంద్ర రవాణా శాఖ లెక్కలు తెలుపుతున్నాయి. అంటే రోజుకు దాదాపు 90 మంది. మొత్తం మరణాల్లో నూటికి 71 అతివేగం వల్ల సంభవించినవే.

తప్పుతున్న అంచనా

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు వస్తుంది. నెత్తిన గడ్డిమోపు ఉన్న ముసలమ్మకు ఒక వైపు రోడ్డు దాటడానికి 10 సెకన్లు పడితే, అంతలో ఆ కారు 220 మీటర్లు వచ్చేస్తుంది. బండి ఇంకా దూరంలోనే ఉందనుకుని అడుగు వేసినవారు నడిరోడ్డున చిక్కుకోవడానికి కారణం ఇదే. డివైడరు వద్ద ఆగి, రెండో వైపు మళ్లీ చూసుకుని దాటాలి. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి దాటరాదు. కాలిబాట లేనిచోట వాహనాలకు ఎదురుగా, కుడి పక్కన నడవాలి.

కోతల కాలంలో రోడ్లపై వడ్లు ఆరబోయడం మరో కారణం. సగం రోడ్డు వడ్లకు పోగా నడిచేవారు మధ్యకు రావలసి వస్తోంది. కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు, కప్పిన నల్ల పరదాలు చీకట్లో మోటారుసైకిళ్లవారికి కనిపించవు. ఊరికి చాలినన్ని కల్లాలు ఉంటేనే ఈ బెడద తీరుతుంది.

కేసు ఉంటేనే లెక్క

జాతీయ రహదారిపై 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్రగాయాలతో 5 ప్రమాదాలు జరిగినా, 10 మంది మరణించినా ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తించి సరిచేయాలి. కాలు విరిగినా పెద్దమనుషుల రాజీతో సరిపెట్టుకుంటే ఆ ప్రమాదం లెక్కకు ఎక్కదు.

గుద్దిన బండి ఆచూకీ దొరకకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం కింద మృతుని కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రూ.50 వేలు పరిహారం లభిస్తుంది. దీనికి పోలీసు కేసు ఆధారం. దరఖాస్తు రెవెన్యూ అధికారులకు ఇవ్వాలి.

ప్రమాదం జరిగితే 108కి, జాతీయ రహదారిపై అయితే 1033కి కూడా ఫోన్ చేయవచ్చు. క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టరాదని 2019 చట్ట సవరణ కింద చేసిన నిబంధనలు చెబుతున్నాయి. కేసుల భయంతో ఎవరూ వెనుకాడనవసరం లేదు.

ప్రజలు దాటే ప్రతి చోటా దీపాలు, హెచ్చరిక బోర్డులు, రద్దీ ఉన్నచోట అండర్‌పాస్‌లు ఏర్పాటు చేయవలసిన బాధ్యత అధికారులపై ఉంది. గ్రామసభలు తీర్మానాలు చేసి పంపితే ఆ కోరికకు బలం చేకూరుతుంది.