ఉన్న ఇల్లు కానరాదు, లేని ఇల్లు కానవచ్చును

తెనాలిలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి పొందిన మా మిత్రులొకరు, హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న కుమారునికి దగ్గరగా ఉండదలచి, కూకట్‌పల్లి ప్రాంతమున ఒక చిన్న ఫ్లాటు కొనగోరిరి. ఈ దినములలో ఇల్లు వెదకుట వీధిలో ఆరంభము కాదు, సెల్‌ఫోనులో ఆరంభమగును. వారును అట్లే "నిజాంపేట రోడ్డు, తూర్పు ముఖము, రెండు పడక గదుల ఫ్లాటు" అని గూగుల్‌లో వెదకిరి. మొదటి పేజీలోనే చక్కని ఫోటోలతో, తమ శక్తికి తగిన ధరతో ఒక ఫ్లాటు కానవచ్చెను. ఆ రాత్రియే రైలెక్కిరి. మరునాడు ఏజెంటు కార్యాలయమునకు పోగా, అచ్చటి యువకుడు, "అది రెండేళ్ళ క్రితమే అమ్ముడుపోయిందండీ మాష్టారూ! వెబ్‌సైటులో అలా ఉండిపోయింది. ఇంకొకటి చూపిస్తాను రండి" అనెను. ఆ చూపిన దాని ధర పదునైదు లక్షలు ఎక్కువ.

నిరాశతో మెట్రో స్టేషను వైపు తిరిగి వచ్చుచుండగా ఒక సందు మొదట చిన్న బోర్డు కనబడెను. లోపల కూర్చున్న పెద్దమనిషి చిరకాలముగా ఆ చుట్టుపట్ల ఇండ్లు ఇప్పించుచున్నవారు. మాష్టారు కోరినట్టి ఫ్లాటే వారి చేతిలో ఉన్నది. వారికిని వెబ్‌సైటు ఉన్నది! "మరి మీది నాకు కనబడలేదేమండీ?" అని మాష్టారు అడుగగా, "డబ్బు పెట్టి చేయించానండీ. ఎందుకు కనబడదో నాకూ తెలియదు" అని వారు నిట్టూర్చిరి.

ఈ రెండు కార్యాలయముల నడుమ దూరము రెండు వీధులు మాత్రమే. ఒకచోట లేని ఇల్లు కానవచ్చినది. మరొకచోట ఉన్న ఇల్లు కానరాలేదు. స్థిరాస్తి ఏజెంట్ల వెబ్‌సైటులందు తరచుగా జరుగు తప్పులు దాదాపు అన్నియు ఈ రెండు తరగతులలోనే చేరును. వానిని తెలిసికొనుట ఏజెంట్లకే కాదు, ఇల్లు కొనువారికిని అవసరము.

ముందుగా సెర్చి ఇంజను పనిచేయు తీరును కొంచెము చూతము. మనము ఒక మాట వ్రాసి వెదకినప్పుడు గూగుల్ ఆ క్షణమున ప్రపంచమంతయు తిరిగి రాదు. దాని ప్రోగ్రాములు ఎల్లవేళల ఒక పేజీ నుండి మరియొక పేజీకి లింకులను పట్టుకొని పోవుచు, చూచిన పేజీలను చదివి, గ్రంథాలయమునందలి పుస్తకముల పట్టిక వంటి పెద్ద పట్టికలో చేర్చుకొనుచుండును. మనము అడిగినప్పుడు ఆ పట్టికనుండియే సమాధానము వచ్చును. వేల పేజీలలో దేనిని ముందు చూపవలెనన్న ప్రశ్నకు, అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ఒక మార్గము చూపిరి. ఇతర పేజీలు ఏ పేజీకి లింకులిచ్చుచున్నవో, ఆ లింకులిచ్చు పేజీల విలువ ఎట్టిదో గణించుట వారి పద్ధతి. నేడు ఆ లెక్కలో ఇంకను అనేక విషయములు చేరినవి. కాని మూలసూత్రము ఒక్కటే: పట్టికలో చేరని పేజీ ఎంత మంచిదైనను, ఎవరికిని కనబడదు.

ఇక మొదటి తరగతి తప్పులు, అనగా ఉన్నదానిని మరుగుపరచునవి. మన సందు మొదటి పెద్దమనిషి తన ఇండ్ల వివరములన్నిటిని రంగుల కరపత్రములుగా వేయించి, ఆ కరపత్రముల చిత్రములనే వెబ్‌సైటులో పెట్టిరి. మనుష్యుని కంటికి అవి అక్షరములు. యంత్రమునకు అవి బొమ్మలు. బొమ్మలోని అక్షరములను యంత్రము కొంతవరకు గ్రహింపగలిగినను, దానిని నమ్ముకొనుట తగదు. ప్రాంతము, విస్తీర్ణము, ధర, అంతస్తు, దిక్కు మున్నగునవి మామూలు అక్షరములతో వ్రాసి, ప్రతి ఫోటోకును అది దేని ఫోటోయో ఒక మాటలో తెలుపవలెను.

రెండవది: ఇండ్లన్నియు ఒక ఫారము వెనుక దాగియుండుట. ప్రాంతము ఎన్నుకొని, ధర ఎన్నుకొని, మీట నొక్కినగాని జాబితా రాదు. గూగుల్ ప్రోగ్రాము లింకుల వెంట నడచునేగాని సాధారణముగా ఇట్టి ఫారములు నింపదు. కనుక ప్రతి ఇంటికిని ఒక ప్రత్యేకమైన పేజీ ఉండవలెను. ఆ పేజీకి మామూలు లింకు ఉండవలెను.

మూడవది శీర్షిక. ప్రతి పేజీకిని పైన ఒక శీర్షిక ఉండును. వెదకినవారికి ముందు కనబడునది సామాన్యముగా అదియే. పెక్కు సైటులందు ఆ చోట "హోమ్" అనియో, "మా సంస్థకు స్వాగతము" అనియో ఉండును. స్వాగతమును వెదకువాడెవడు? "నిజాంపేట రోడ్డు, 2 పడక గదుల ఫ్లాటు, తూర్పు ముఖము" అని ఉన్నచో ఆ పేజీ దేనిని గూర్చినదో మనిషికిని, యంత్రమునకును తెలియును.

నాలుగవది భాష. సైటులో "విలాసవంతమైన జీవనమునకు ముఖద్వారము" వంటి మాటలు దండిగా ఉండును. కాని కొనువారు ఆ మాటలతో వెదకరు. జె.ఎన్.టి.యు. మెట్రో స్టేషనుకు నడచిపోగలమా, మంజీరా నీరు వచ్చునా, కారు నిలుపుటకు చోటున్నదా అని వెదకుదురు. స్థలముల విషయమున ఈ భేదము మరింత స్పష్టము. హైదరాబాదువారు గజములలోను, కోస్తా జిల్లాలవారు సెంట్లలోను, తెలంగాణ పల్లెలవారు గుంటలలోను, నెల్లూరువారు అంకణములలోను చెప్పుకొందురు. ఎకరము 4,840 చదరపు గజములు. సెంటు అందులో నూరవవంతు, అనగా 48.4 గజములు, గుంట నలుబదవవంతు, అనగా 121 గజములు. చదరపు అడుగులతో పాటు ఆ ప్రాంతపు కొలతను కూడ వ్రాసినచో కొనువారికి లెక్క సులభమగును; వెదకువారి మాటయు పేజీలోని మాటయు ఒక్కటగును.

ఐదవది భారము. ఒక్కొక్క ఫోటోను కెమెరా నుండి వచ్చినది వచ్చినట్లే పెట్టుటచే పేజీ తెరచుకొనుటకు మిక్కిలి కాలము పట్టును. పేజీలోని ముఖ్యభాగము రెండున్నర సెకండ్లలోపల కనబడుట మంచిదని గూగుల్ ప్రమాణము. అదియుగాక, 2016లో ప్రకటించి 2023 నాటికి ముగించిన మార్పు ప్రకారము, గూగుల్ ముఖ్యముగా సెల్‌ఫోనుకు కనబడు రూపమునే చదివి పట్టికలో చేర్చుకొనుచున్నది. కంప్యూటరు తెరపై ఎంత అందముగా ఉన్నను, ఫోనులో సగము విషయము మాయమైనచో ఆ సగము లేనట్లే.

అన్నిటికంటె విచిత్రమైనది ఆరవది. సైటును నిర్మించు కాలమున, పని పూర్తికాకముందే ఎవరును చూడకుండుటకై, "ఈ పేజీలను పట్టికలో చేర్చవద్దు" అని ఒక ఆజ్ఞను అందులో వ్రాసి ఉంచుదురు. కట్టడము జరుగుచోట "లోనికి రారాదు" అను బోర్డు వంటిది అది. పని ముగిసిన పిదప దానిని తీయుట మరచిపోవుదురు. మన పెద్దమనిషి సైటులో ఆ బోర్డు అట్లే వ్రేలాడుచున్నది! గృహప్రవేశమై బంధువులను పిలిచి, గుమ్మమునకు తాళము తీయనట్లైనది.

ఇక రెండవ తరగతి, లేనిదానిని చూపునవి. వీనిలో మొదటిది మాష్టారిని రైలెక్కించినదే: అమ్ముడుపోయిన ఇంటి పేజీని తొలగింపకుండుట. కొందరు మరచి వదలుదురు. కొందరు దానిని గాలమునకు ఎరగా తెలిసియే ఉంచుదురు. ఇట్టి పేజీపై "అమ్ముడైనది" అని తేదీతో వ్రాసి, ఆ ప్రాంతమున ఇప్పుడున్న ఇండ్లకు దారి చూపవచ్చును. లేదా పేజీని పూర్తిగా తీసివేసి, అది లేదని యంత్రమునకు తెలుపవచ్చును. తీసివేసిన పేజీలన్నిటిని ముఖపత్రమునకు మళ్ళించుట కూడ పొరపాటే. వెదకి వచ్చినవానికి అక్కడ ఏమియు దొరకదు.

రెండవది, ఒకే వ్యాసమున ఊరిపేరు మాత్రము మార్చి మియాపూరుకు ఒకటి, బాచుపల్లికి ఒకటి, ప్రగతినగరుకు ఒకటిగా పదుల కొలది పేజీలు నింపుట. మూడవది, "హైదరాబాదులో చౌక ఫ్లాట్లు" అను మాటనే ఒక పేజీలో నలుబదిమారులు వల్లించుట. నాలుగవది, బిల్డరు ఇచ్చిన వర్ణననే అక్షరము పొల్లుపోకుండ దించుట. అదే వర్ణన మరి ఇరువది సైటులలో ఉండును. ఐదవది, లింకులను డబ్బిచ్చి కొనుట. ఒకప్పుడు ఇవి కొంత ఫలించెను. కాని సారము లేని పేజీలను వెనుకకు నెట్టుటకు 2011లోను, కృత్రిమపు లింకులను అరికట్టుటకు 2012లోను గూగుల్ తన లెక్కను మార్చినది. పేజీలో దాచియుంచు "కీవర్డుల" జాబితాను తాను లెక్కింపనే లెక్కింపనని 2009లోనే ప్రకటించినది. అయినను ఆ జాబితాలు వ్రాసి డబ్బు పుచ్చుకొనువారు ఇప్పటికిని ఉన్నారు!

యంత్రము ఎల్లప్పుడును న్యాయమే చేయునని చెప్పజాలము. మాష్టారికి పాత పేజీని ముందు చూపినది అదియే కదా! ఆ యువకుని సైటు అక్షరములతో వ్రాయబడినది, త్వరగా తెరచుకొనును, దానికి లింకులు కలవు. పేజీ చదువదగినదిగా ఉన్నదో లేదో యంత్రము గుర్తించును. ఇల్లు ఇంకను అమ్మకమునకు ఉన్నదో లేదో ఏజెంటు చెప్పిననే తెలియును. ఆ బాధ్యత మనిషిదే. చట్టము కూడ అట్లే తలచినది. 2016 నాటి స్థిరాస్తి చట్టము, అనగా మనము రెరా అనునది, నమోదు చేయవలసిన ప్రాజెక్టులందు ఇండ్లు, స్థలములు అమ్మించు ఏజెంట్లు తామును నమోదు కావలెనని విధించినది. తాము ఇయ్యదలపని సేవలను గూర్చి ప్రకటనలు వేయించుటను అనుచిత వ్యాపారముగా నిషేధించినది.

ఇల్లు వెదకు కుటుంబములవారికి మూడు మాటలు మనవి. పైన కనబడినదెల్ల మేలైనదని తలపరాదు. "స్పాన్సర్డ్" అని ఉన్నచో అది డబ్బిచ్చి వేయించిన ప్రకటన. ప్రయాణమునకు ముందు ఫోను చేసి, ఇల్లు నేటికిని ఉన్నదా, ధర అదియేనా అని అడిగి, ఆ జవాబును వ్రాతమూలముగా ఫోనులోనికి తెప్పించుకొనవలెను. రెరా నంబరు అడిగి, ఆయా రాష్ట్రపు రెరా వెబ్‌సైటులో సరిచూచుకొనవలెను.

మాష్టారు ఆ సందు మొదటి పెద్దమనిషి ద్వారానే ఫ్లాటు కొనిరి. గృహప్రవేశమైన పిదప ఒక ఆదివారము వారి కుమారుడు ఆ కార్యాలయమున కూర్చుండి, "లోనికి రారాదు" అను ఆజ్ఞను తీసివేసి, కరపత్రములలోని వివరములను అక్షరములుగా వ్రాసిపెట్టెను. ఆ సైటు నేటికిని మొదటి స్థానమునకు రాలేదు. కాని వారమునకు ఇద్దరు ముగ్గురు దానిని చూచి ఫోను చేయుచున్నారట. ఇల్లు అమ్ముడైన సాయంకాలమే ఆ పెద్దమనిషి పేజీపై "అమ్ముడైనది" అని వ్రాసి, తేదీ వేసి, ఆ తరువాతనే తలుపు మూయుచున్నారు. ఏ ఊరినుండియో మరియొక మాష్టారు ఆ రాత్రి వృథాగా రైలెక్కకుండుటకు అంతమాత్రము చాలును.