భూమి పలికే ప్రతిధ్వనులు - చమురు జాడలు

కుండ కొనేవారు దానిని వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగున మోగితే మంచి కుండ అనీ, బొంగురుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నదనీ తెలుసుకుంటారు. కంటికి కనబడని లోపాన్ని చెవి పట్టుకుంటున్నది. భూమిలో రెండు మూడు కిలోమీటర్ల లోతున ఉన్న రాతి పొరలను తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు అనుసరించే పద్ధతి కూడా ఇటువంటిదే. నేలను ఒక దెబ్బ కొట్టి, లోపలి నుండి వచ్చే ప్రతిధ్వనులను వింటారు. అయితే విన్నదానికి సరియైన అర్థం చెప్పడంలోనే కష్టమంతా ఉన్నది.

ఈ కష్టానికి వెల కూడా ఎక్కువే. 2023-24లో భారతదేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి మించి విదేశాల నుండి తెచ్చుకొన్నది. సముద్రంలో ఒక్క బావి తవ్వడానికే కోట్లాది రూపాయలు కావాలి. ఎక్కడ తవ్వాలో ముందుగా తెలియకపోతే ఆ ధనమంతా నీళ్ళపాలు అవుతుంది.

చమురు దాగి ఉండే చోటు

భూగర్భంలో చమురు చెరువువలె నిలిచి ఉంటుందని చాలామంది తలుస్తారు. ఇది సరికాదు. తడి ఇసుకలో నీరు ఉన్నట్లుగా, ఇసుకరాయి, సున్నపురాయి మొదలైన శిలల సన్నని రంధ్రాలలో చమురు ఇమిడి ఉంటుంది. ఒక ఇసుకరాయిలో 20 శాతం రంధ్రాలు ఉన్నవనుకుంటే, ఒక ఘనమీటరు రాయిలో 200 లీటర్ల ద్రవం పడుతుంది.

చమురూ, వాయువూ నీటికంటె తేలిక. కనుక నీటితో నిండిన రాతి రంధ్రాల గుండా అవి మెల్లగా పైకి పోతూ ఉంటాయి. పైన దట్టమైన బంకమట్టి రాతి పొర అడ్డు వచ్చినచోట ఆగిపోతాయి. ఆ పొర బోర్లించిన మూకుడువలె పైకి వంగి ఉంటే, దాని క్రింద చేరినవి బయటికి పోలేవు. ఇటువంటి వంపును అపనతి అంటారు. పొరలు విరిగి జరిగిన చోట్ల కూడా, అంటే భ్రంశాల వద్ద కూడా, చమురు చిక్కుకొనవచ్చును. అన్వేషకులు మొదట వెదికేది ఇటువంటి ఆకారాలనే.

ప్రతిధ్వని ఎట్లా పుడుతుంది?

నేలమీద చిన్న గుంట తవ్వి అందులో మందుగుండు పేలుస్తారు. లేదా బరువైన బండికి అమర్చిన పలకను నేలకు ఆనించి కంపింపజేస్తారు. సముద్రంలో అయితే అధిక పీడనంలో ఉన్న గాలిని ఒక్కసారిగా నీటిలోకి వదలుతారు. ఇట్లా పుట్టిన తరంగాలు పొర నుండి పొరకు దిగిపోతాయి.

ప్రతి శిలకు సాంద్రతా, అందులో తరంగం పోయే వేగమూ ఉంటాయి. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చే రాశిని ధ్వని అవరోధం అంటారు. రెండు పొరల అవరోధాలు వేరుగా ఉన్నప్పుడు, వాటి సరిహద్దు వద్ద తరంగంలో కొంతభాగం వెనుకకు మరలుతుంది. భేదం ఎంత ఎక్కువైతే ప్రతిధ్వని అంత బలంగా ఉంటుంది. నేలమీద వరుసగా పాతిన జియోఫోన్లు దానిని అందుకొని విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. 1921లో అమెరికాలోని ఓక్లహోమాలో జె.సి. కార్చర్, ఆయన సహచరులు ఈ పరావర్తన పద్ధతిని ప్రయోగం చేసి చూపారు.

పైథాగరస్ సహాయం

ఒక ప్రతిధ్వని 1.6 సెకండ్లకు తిరిగి వచ్చిందనుకుందాం. తరంగవేగం సెకండుకు 2,500 మీటర్లు అయితే, పోయి వచ్చిన దూరం 4,000 మీటర్లు. అంటే పొర లోతు 2,000 మీటర్లు. కాని వేగం నిజానికి 2,750 అయితే లోతు 2,200 మీటర్లు అవుతుంది. వేగంలో పదో వంతు పొరపాటు జరిగితే లోతులో 200 మీటర్ల తేడా వచ్చింది. భూమిని తవ్వకుండా ఈ వేగాన్ని తెలుసుకొనడం ఎట్లా?

ఉన్నత పాఠశాలలో నేర్చిన రేఖాగణితమే ఇందుకు దారి చూపుతుంది. దెబ్బ కొట్టినచోటికి 2,000 మీటర్ల దూరంలో మరొక జియోఫోన్ ఉన్నదనుకుందాం. పొర సమతలంగా ఉంటే తరంగం సగం దూరంలో, అంటే 1,000 మీటర్ల వద్ద, పొరను తాకి పైకి లేస్తుంది. అప్పుడు 1,000, 2,000 మీటర్ల భుజాలుగల లంబకోణ త్రిభుజపు కర్ణం 2,236 మీటర్లు. రెండు కర్ణాలు కలిపి 4,472 మీటర్లు. ఆ దూరానికి 1.79 సెకండ్లు పడుతుంది. దగ్గరి జియోఫోన్ కంటె దూరపు జియోఫోన్ 0.19 సెకండు ఆలస్యంగా విన్నదన్నమాట. ఈ ఆలస్యం వేగాన్నిబట్టి మారుతుంది. కనుక అనేక జియోఫోన్ల వద్ద ఆలస్యాన్ని కొలిచి, వేగాన్ని వెనుకకు లెక్కగట్టవచ్చును.

గోలలో నుండి పలుకు

జియోఫోన్ ప్రతిధ్వనిని మాత్రమే వినదు. గాలికి చెట్లు ఊగడం, దారిన బండ్లు పోవడం మొదలైన అలజడి కూడా అందులో చేరుతుంది. ఒకే భూగర్భ బిందువు నుండి మరలిన తరంగాలను వేర్వేరు దూరాలలో నమోదుచేసి, పైన చెప్పిన ఆలస్యాన్ని సవరించి, అన్నింటినీ కలిపే పద్ధతికి హ్యారీ మేన్ 1956లో పేటెంటు పొందాడు. 36 నమోదులను కలిపితే ప్రతిధ్వని 36 రెట్లు పెరుగుతుంది. క్రమంలేని అలజడి 36కు వర్గమూలమైన 6 రెట్లే పెరుగుతుంది. అంటే ప్రతిధ్వని స్పష్టత ఆరింతలు అవుతుంది.

ఒక పొర పలుకు ముగియకముందే మరొక పొర పలుకు వచ్చి కలవడం ఇంకొక చిక్కు. వీటిని విడదీసే గణితాన్ని 1950-60 దశాబ్దంలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఎండర్స్ రాబిన్సన్, ఆయన సహచరులు నార్బర్ట్ వీనర్ సిద్ధాంతాల ఆధారంగా రూపొందించారు. కంప్యూటర్లు ఈ రంగంలోకి వచ్చినది ఇందుకే. అయినా హద్దు లేకపోలేదు. సెకండుకు 2,500 మీటర్ల వేగంతో, 25 కంపనాల పౌనఃపున్యంతో పోయే తరంగపు పొడవు 100 మీటర్లు. అందులో నాల్గవ వంతు, అంటే 25 మీటర్లకంటె పలుచనైన పొర పైభాగమూ, అడుగుభాగమూ వేరువేరుగా కనబడవు.

ఆకారం చూపిన బొంబాయి హై

1960-70 దశాబ్దంలో సోవియట్ నిపుణుల సహకారంతో అరేబియా సముద్రంలో జరిపిన ఇటువంటి పరిశీలనలలో, బొంబాయికి సుమారు 160 కిలోమీటర్ల దూరాన సముద్రగర్భంలో ఒక విశాలమైన ఉబ్బు కనబడినది. అది చమురుకు అనువైన ఆకారమని మాత్రమే అప్పటికి తెలుసు. 1974 ఫిబ్రవరిలో 'సాగర్ సమ్రాట్' అనే తవ్వక వేదిక అక్కడ మొదటి బావి తవ్వినప్పుడు, సున్నపురాతి పొరలలో చమురు ఉన్నట్లు రుజువైంది. 1976లో ఉత్పత్తి ప్రారంభమైంది.

వెలుగు చెప్పేదీ, చెప్పనిదీ

వాయువు విషయంలో ప్రతిధ్వని మరికొంత చెబుతుంది. ఇసుకరాతి రంధ్రాలలో నీటికి బదులు వాయువు ఉంటే, ఆ పొర సాంద్రతా, తరంగవేగమూ తగ్గుతాయి. పైనున్న బంకమట్టి రాతితో భేదం పెరిగి, చిత్రంలో ఆ భాగం మిలమిల మెరుస్తుంది. కాని ఇక్కడ ఒక మోసం ఉన్నది. రంధ్రాలలో పదిశాతం వాయువు ఉన్నా, ఎనభై శాతం ఉన్నా, తరంగవేగం దాదాపు ఒకే విధంగా పడిపోతుంది. కనుక మెరుపు వాయువు ఉనికిని సూచించగలదే కాని, పరిమాణాన్ని నిశ్చయించలేదు.

పరిమాణాన్ని ముందుగా అంచనా కట్టడం ఎంత కష్టమో తెలుగుతీరం వద్ద కృష్ణా-గోదావరి లోతునీటిలోని డి6 బ్లాకు తెలియజేసింది. అక్కడ 2002లో వాయువు కనుగొన్నారు. మొదటి రెండు ప్రధాన క్షేత్రాల నుండి సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు తీయవచ్చునని 2006లో అంచనా వేశారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. పీడనం తగ్గడం, బావులలోనికి నీరు రావడం మొదలైన పరిణామాల తరువాత, 2012లో ఆ అంచనాను సుమారు 3 లక్షల కోట్లకు తగ్గించారు. కారణాలను గూర్చి ప్రభుత్వానికీ, నిర్వాహకులకూ వివాదం నడిచింది. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాల ఉత్పత్తి ఆగిపోయింది. అదే సంవత్సరం డిసెంబరులో అదే బ్లాకులోని మరొక నిక్షేపం నుండి వాయువు రావడం ప్రారంభమైంది.

ఈ శాస్త్రం వ్యర్థమని దీని అర్థం కాదు. డి6 లో వాయువు ఉన్న మాట నిజమే. ఎంత ఉన్నదనేదే తేలక తకరారు వచ్చింది. తరంగాలు చూపే చిత్రంలో కొలిచిన అంశాలు కొన్ని, ఊహించిన అంశాలు కొన్ని ఉంటాయి. ప్రతి కొత్త బావీ నిజమైన వేగాన్నీ, రంధ్రాల పాలునూ, పీడనాన్నీ అందిస్తుంది. వాటితో పాత చిత్రాన్ని తిరిగి సరిదిద్దుతారు. ఏది కొలిచినదో, ఏది ఊహించినదో విడదీసి చెప్పగలిగినవాడే మంచి అన్వేషకుడు.