సబ్‌స్టేషన్ బ్యాటరీ ఛార్జర్: ముల్లును కాదు, సెల్లును చూడండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు కథలు, కవితలు మాకు రావని చెప్పాం. "అయితే మీరు చేసే పని గురించే రాయండన్నా" అన్నారు. మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసయ్యాం. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి, ఇప్పుడు వేరువేరు సబ్‌స్టేషన్లలో షిఫ్టు ఆపరేటర్లుగా పనిచేస్తున్నాం. మీలో ఎంతోమంది రేపు ఈ దారికే వస్తారు కాబట్టి మాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము చదువుకునే రోజుల్లో రాత్రి స్టడీ అవర్లో కరెంటు పోతే లాంతరు చుట్టూ పుస్తకాలతో మూగేవాళ్ళం. కరెంటు రాగానే హాలంతా ఒక్కసారి "ఓ" అని అరిచేది. పోయినందుకు తిట్టుకున్నామే గాని, కరెంటు ఒక్కోసారి వెంటనే పోవడమే మంచిదని మాకప్పుడు తెలియదు. తీగ తెగి పొలంలో పడ్డప్పుడు కరెంటు ఆగకపోతే ప్రాణాలే పోతాయి. దాన్ని ఆపేది బ్రేకర్. బ్రేకర్‌ను కదిలించేది బ్యాటరీ. ఆ బ్యాటరీని ఎప్పుడూ సిద్ధంగా ఉంచేది ఛార్జర్.

బ్యాటరీ ఎందుకు?

లైనులో లోపం వస్తే రిలే పసిగట్టి, బ్రేకర్‌లోని ట్రిప్ కాయిల్‌కు కరెంటు అందిస్తుంది. ఆ కరెంటును మామూలు ఎ.సి. సరఫరా నుంచి తీసుకుంటే ఏమవుతుంది? రెండు తీగలు కలిసిపోయిన క్షణంలోనే ఎ.సి. వోల్టేజి పడిపోతుంది. అంటే సరిగ్గా అవసరమైనప్పుడే అది చేయిస్తుంది. అందుకే డి.సి. బ్యాటరీ పెడతారు. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే తయారుచేసిన సీసం-యాసిడ్ బ్యాటరీ సూత్రమే నేటికీ చాలాచోట్ల నడుస్తోంది.

ఒక్కో సెల్లు 2 వోల్టులు. 24 వోల్టుల సెట్టుకు 12 సెల్లులు, 220 వోల్టుల సెట్టుకు 110 సెల్లులు వరుసగా కలుపుతారు. సెల్ టవర్ల దగ్గర పనిచేసే మన మిత్రులు చూసే 48 వోల్టుల సెట్టులో 24 సెల్లులుంటాయి.

ఛార్జర్ చేసే రెండు పనులు

ఛార్జర్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఎ.సి.ని డి.సి.గా మార్చే రెక్టిఫయర్, కరెంటును నిలకడ చేసే ఫిల్టర్ ఉంటాయి. మొదటి పని ఫ్లోట్. అంటే సెల్లుకు సుమారు 2.2 వోల్టుల లెక్కన, 12 సెల్లులకు 26.4 వోల్టులు ఎప్పుడూ ఇస్తూ ఉండడం. ప్యానెల్ దీపాలు, రిలేల లోడును ఛార్జరే మోస్తుంది. బ్యాటరీ ఊరకే ఉన్నా తనంతట తాను కోల్పోయే కొద్దిపాటి ఛార్జిని కూడా భర్తీ చేస్తుంది.

రెండోది బూస్ట్. బ్యాటరీ బాగా ఖర్చయినప్పుడు సెల్లుకు 2.4 వోల్టులో, తయారీదారు చెప్పినంతో పెంచి త్వరగా నింపడం. ఏ సెట్టుకు ఎంత అన్నది దాని మాన్యువల్ చూసే పెట్టాలి. బూస్ట్‌లో పెట్టి మరచిపోతే నీరు ఆవిరవుతుంది, ప్లేట్లు పాడవుతాయి, గదిలో హైడ్రోజన్ నిండుతుంది. గంటకోసారి చూసిన రీడింగులు వరుసగా మూడుసార్లు మారకుండా ఉంటే బ్యాటరీ నిండినట్టే. వెంటనే ఫ్లోట్‌కు మార్చాలి. మధ్యలో యాసిడ్ వేడి 45 డిగ్రీలకు చేరితే కరెంటు తగ్గించాలి, లేదా ఆపి చల్లారనివ్వాలి.

ఆ రాత్రి జరిగింది

మాలో ఒకరి డ్యూటీలో జరిగిన సంగతి ఇది. పేరు రాయడం లేదు. ఆయన చేసిన తప్పు మిగతా ఇద్దరం కూడా చేసినవాళ్ళమే.

నాట్ల కాలం. రాత్రి ఈదురుగాలికి చెట్టుకొమ్మ 11 కె.వి. లైను మీద పడింది. రెండు తీగలు కలిసి మెరిసి, ఒకటి తెగి నీళ్ళున్న మడిలో పడింది. కంట్రోల్ రూములో లైట్లు మసకబారాయి. రిలే తన పని తాను చేసింది. బ్రేకర్ మాత్రం కదల్లేదు. ప్యానెల్ మీది సూచిక దీపాలు కూడా ఆరిపోయాయి. పైనున్న సబ్‌స్టేషన్లో 33 కె.వి. బ్రేకర్ పడేదాకా ఆ తీగలో కరెంటు ఉంది. గట్టున కట్టేసిన జత ఎద్దులు చనిపోయాయి. రైతు మోటారు దగ్గరికి వెళ్ళి ఉండడం వల్ల బతికాడు.

తెల్లారి చూస్తే బ్యాటరీకీ ఛార్జర్‌కూ మధ్యనున్న ఫ్యూజు పోయి ఉంది. ఎప్పుడు పోయిందో తెలియదు. లాగ్‌బుక్‌లో మాత్రం ప్రతి షిఫ్టులోనూ 26.4 అని అందంగా రాసి ఉంది. అది అబద్ధం కాదు. ఛార్జర్ మీటరు నిజంగానే 26.4 చూపించింది. బ్యాటరీ తెగిపోయినా ఛార్జర్ తన వోల్టేజి తాను చూపిస్తూనే ఉంటుంది. దీపాలు కూడా దానితోనే వెలుగుతుంటాయి. ఎ.సి. పడిపోగానే ఛార్జరూ పడిపోయింది. వెనక బ్యాటరీ లేదు.

ఒక్కరోజు బ్యాటరీ గదిలోకి వెళ్ళి సెట్టు చివరల దగ్గర మీటరు పెట్టి ఉంటే తెలిసిపోయేది. మేమేమో పై వరుస చూసి కింది వరుస రాశాం. హాస్టల్లో సైన్సు రికార్డును ఇన్‌స్పెక్షన్ ముందు రాత్రి పక్కవాడి దాంట్లోంచి ఎక్కించినట్టే రాశాం. అక్కడైతే సారు చేతిలో రెండు దెబ్బలతో పోయేది.

రోజూ చూడవలసినవి

1. ఛార్జర్ వోల్టేజి, కరెంటు రాసుకున్నాక, బ్యాటరీ చివరల దగ్గర విడిగా వోల్టేజి కొలవాలి. రెండూ దాదాపు కలవాలి.

2. ఏ.ఈ. గారి అనుమతితో, నిర్ణయించిన రోజున ఛార్జర్ ఎ.సి.ని కాసేపు ఆపి చూడాలి. వోల్టేజి కొద్దిగా తగ్గి నిలబడితే లోడును బ్యాటరీ మోస్తున్నట్టు. దీపాలు ఆరిపోతే బ్యాటరీ తెగినట్టు. మమ్మల్ని కాపాడగలిగి ఉండే పరీక్ష ఇదే.

3. రోజుకో గుర్తు సెల్లు, నెలకోసారి అన్ని సెల్లులూ హైడ్రోమీటరుతో చూడాలి. స్టేషనరీ బ్యాటరీల్లో నిండు ఛార్జి మీద సాంద్రత 27 డిగ్రీల దగ్గర సుమారు 1.200 ఉంటుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే రీడింగుకు 0.007 కలుపుకోవాలి. ఎండాకాలంలో ఈ లెక్క మరచిపోయి మంచి సెల్లును చెడ్డదనుకోవద్దు.

4. మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. యాసిడ్ పోయకూడదు, ఆవిరయ్యేది నీరే కాబట్టి.

5. టెర్మినళ్ళ మీద తెల్లని, పచ్చని పొడి పేరుకుంటే అక్కడ కరెంటుకు అడ్డు పడుతున్నట్టే. ఛార్జర్ ఆపి, వంటసోడా కలిపిన నీళ్ళలో తడిపిన గుడ్డతో తుడవాలి. ఆ నీళ్ళు సెల్లులోకి పోకూడదు. బోల్టు బిగించి పెట్రోలియం జెల్లీ రాయాలి.

ప్రాణానికి సంబంధించినవి

గదిలోకి వెళ్ళేముందు ఎగ్జాస్ట్ ఫ్యాను వేయాలి. హైడ్రోజన్ గాలికంటే తేలిక, కప్పు కింద చేరుతుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క రవ్వకే పేలుతుంది. బీడీ, అగ్గిపెట్టె బయటే వదలాలి.

ఛార్జర్ ఆపకుండా బ్యాటరీ తీగ ఊడదీయవద్దు, రవ్వ వస్తుంది. వాచీ, ఉంగరం, మొలతాడు మీది తాళంచెవి తీసేయాలి. పాన పిడికి ఇన్సులేషన్ ఉండాలి. "24 వోల్టులే కదా, షాకు కొట్టదు" అనుకోవద్దు. రెండు టెర్మినళ్ళ మధ్య ఉంగరం పడితే వేలితో సహా కాలుతుంది. 220 వోల్టుల సెట్టయితే షాకే చంపుతుంది. ఛార్జర్ ప్యానెల్ లోపల కెపాసిటర్లు స్విచ్చి కట్టేసినా కాసేపు ఛార్జి పట్టుకుని ఉంటాయి. ఆగి, మీటరుతో చూసి ముట్టుకోవాలి.

యాసిడ్ కలపవలసి వస్తే యాసిడ్‌ను నీళ్ళలో కొద్దికొద్దిగా పోయాలి, నీళ్ళను యాసిడ్‌లో ఎన్నడూ పోయవద్దు. రబ్బరు గ్లవుజులు, కళ్ళకు గాగుల్స్ ఉండాల్సిందే. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా ధారగా నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. అందుకే గదిలో బకెట్టు నిండా నీళ్ళు, చెంబు పెట్టుకుంటాం.

ఇప్పుడు సీలు వేసిన బ్యాటరీలు, లిథియం బ్యాటరీలు కూడా వస్తున్నాయి. సీలు బ్యాటరీలో నీళ్ళు పోసే పని లేదు గాని వోల్టేజి సెట్టింగు దానికి తగ్గట్టు ఉండాలి. లిథియంకు దాని ఛార్జరే వాడాలి. ఇంట్లో ఇన్వర్టరయినా ఇదే మాట.

చివరగా

తమ్ముళ్ళూ, మనలాంటి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళకు ఉద్యోగం దొరకడమే గొప్ప. దొరికాక దాన్ని చూసి భయపడకండి, అలవాటు పడి ఏమరకండి. రైతుకు ఎద్దుల నష్టపరిహారం వచ్చిందో లేదో కనుక్కోవడానికి మేము వెళ్ళాం. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, మంచినీళ్ళిచ్చి పంపాడు. ఆ రోజునుంచి మా ముగ్గురి లాగ్‌బుక్కుల్లోనూ పై వరుస చూసి రాసిన అంకె లేదు. మీరు రాసే రికార్డులోనూ, రేపు రాసే లాగ్‌బుక్కులోనూ చూసిందే రాయండి. చూడకపోతే ఖాళీ వదిలేయండి.

— మీ పూర్వ విద్యార్థులు ముగ్గురు