నీళ్లున్నాయి... నల్లమల అవతల!

లీటరు నీటిలో మిల్లీగ్రామున్నర ఫ్లోరైడ్. అది దాటితే ముందు పళ్లు పాడవుతాయి, ఆనక ఎముకలు బిగుసుకుంటాయి. పశ్చిమ ప్రకాశం నీళ్లలో ఉన్న ఈ ముప్పు సంగతి డాక్టర్లకు తెలిసి తొంభై ఏళ్లు కావస్తోంది. మరి మందేదీ?

అక్షరాభ్యాసం అనగానే పలక గుర్తొస్తుంది. పలక అనగానే మార్కాపురం గుర్తొస్తుంది. ప్లాస్టిక్ పలకలు రాకముందు తెలుగునాట ఎన్ని లక్షల మంది ఆ రాతిపలక మీద అఆలు దిద్దుకున్నారో! ఇక్కడి రాయి ఊరికి పేరు తెచ్చింది, జనానికి కూడు పెట్టింది. పశ్చిమ ప్రకాశంలోనే మరో రకం రాయి ఉంది. అది బడి పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలు గీస్తుంది. పలక మీది గీతయితే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. గారపళ్ల మీది గీత చెరగదు!

ఎద్దులు చెప్పిన నిజం

1930లలో దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడ తేడాను ముందుగా గమనించింది డాక్టర్లు కాదు, రైతులని చెబుతారు. బయటినుంచి కొనుక్కొచ్చిన ఎద్దులు కొన్నాళ్లకే కుంటుతూ కాడి మోయలేకపోయేవట. మనుషుల్లోనూ నడుము వంగనివాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు కనిపించారు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే వైద్యులు దీనిమీద 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్'లో వ్యాసం రాశారు. మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించి మనదేశంలో వెలువడిన తొలి నివేదికగా దాన్నే చెబుతారు. 1970లో కొత్త జిల్లా ఏర్పడింది. ఆ ప్రాంతాలు నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి అందులో కలిశాయి. జిల్లా మారింది... నీళ్లు మారలేదు!

ఎందుకిక్కడే?

మొదటి కారణం నేల. కనిగిరి చుట్టుపక్కల గ్రానైటులో ఫ్లోరిన్ ఉండే ఖనిజాలున్నాయి. నీటిలో కాల్షియం తక్కువగా ఉండి, క్షారగుణం ఎక్కువైతే రాతిలోని ఫ్లోరైడ్ కరిగి నీళ్లలోకి దిగుతుంది. రెండోది వాన. పడమట నల్లమల కొండలున్నా ఇటువైపు కురిసేది తక్కువే. చెరువులు ఎండితే బావి, బావి ఎండితే బోరు. లోతుకు వెళ్లేకొద్దీ, రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచిన నీరే చాలాచోట్ల పైకొస్తుంది. ఈ బోరు నీళ్లు బాగుండొచ్చు, పక్క వీధి బోరువి బాగుండకపోవచ్చు. రంగూ వాసనా లేని ఫ్లోరైడ్‌ను నాలుక పసిగట్టలేదు. పరీక్ష చేయిస్తేనే తెలిసేది.

మూడో కారణం పేదరికం. డబ్బున్న ఇంటికి క్యాను నీళ్లు వస్తాయి. లేనివాళ్లకు బోరే గతి. పొద్దస్తమానం ఎండలో పనిచేసే కూలీ, నీడపట్టున కూర్చున్నవారికంటే ఎక్కువ నీళ్లు తాగుతాడు. నీళ్లతోపాటు ఫ్లోరైడ్ కూడా ఎక్కువే లోపలికెళుతుంది. పాలూ, ఆకుకూరలూ అందక కాల్షియం తక్కువైన ఒంట్లో అది మరింత కీడు చేస్తుంది.

మంచికోసం చేసిన పని కూడా ఒక్కోసారి ఎదురుతిరుగుతుంది. మోకాళ్లు రెండూ ఒరుసుకుంటూ పాదాలు దూరం జరిగిపోయిన పిల్లల గురించి 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 'లాన్సెట్'లో రాశారు. నాగార్జునసాగర్ వచ్చాక ఆ పరిసరాల్లో భూగర్భజలం పైకొచ్చి నేల స్వభావం మారిందనీ, అక్కడ పండిన జొన్నలో మాలిబ్డినం పెరిగి ఒంట్లోని రాగిని తగ్గించిందనీ ఆ పరిశోధనలు సూచించాయి. కట్టింది ఆనకట్ట... వంకరపోయింది కాళ్లు!

మందు కాదు, పైపు మార్చారు

ఈ కష్టం మనొక్కరిదే కాదు. ఆఫ్రికాలో ఇథియోపియా, కెన్యా, టాంజానియాల మీదుగా సాగే రిఫ్ట్ లోయలో అగ్నిపర్వతపు రాళ్లు నీళ్లలో ఫ్లోరైడ్ నింపుతాయి. చైనాలోని గుయిజౌలో అది పొయ్యిలోంచి వచ్చింది. పొగగొట్టం లేని పొయ్యిలో బొగ్గు మండించి, ఆ సెగమీద మొక్కజొన్న, మిరపకాయలు ఆరబెట్టుకోవడంతో తిండిలోకి చేరింది. అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి కథ మరీ ఆసక్తికరం. ఒక వేడినీటి ఊట నుంచి ఊరికి పైపు వేసుకున్నాక పిల్లల పళ్లు గోధుమరంగుకు తిరిగాయి. 1920లలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు చూసి, ఆ పైపు వదిలేయమన్నాడు. కారణం ఫ్లోరైడ్ అని అప్పటికి ఆయనకూ తెలియదు, అది 1931లో బయటపడింది. అయినా ఊరివాళ్లు మరో ఊట నీళ్లకు మారారు. కొన్నేళ్లకే చిన్నపిల్లలకు మంచి పళ్లు రావడం మొదలైంది!

అంటే ఈ రోగానికి మందు ఆసుపత్రిలో లేదు, నీళ్ల పైపులో ఉంది. మన పెద్దలకీ పైనుంచి వచ్చే నీళ్ల విలువ తెలుసు. మార్కాపురం, గిద్దలూరుల మధ్య కొండల సందున గుండ్లకమ్మకు కట్టవేసి విజయనగర కాలంలోనే కంభం చెరువు కట్టారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. వెలిగొండ ఆలోచనా అలాంటిదే. నల్లమల అవతల శ్రీశైలం జలాశయం నుంచి ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవైన రెండు సొరంగాల ద్వారా కృష్ణ వరదనీటిని 43.5 టీఎంసీలు ఇటు తేవాలి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల ఖాళీలను పూడ్చి కట్టిన నల్లమలసాగర్‌లో నింపాలి. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 15.25 లక్షల మందికి తాగునీరు లక్ష్యం.

కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఈ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 2004 తర్వాత జలయజ్ఞంలో పనులు సాగాయి. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. అప్పటికీ ఇంకా పనులు మిగిలే ఉన్నాయి. ముంపులో పోయే 11 ఊళ్లవారి పునరావాసమూ పూర్తికాలేదు. ఇంకొకరి గొంతు తడవాలని ఇల్లూ వాకిలీ వదులుకుంటున్నది వాళ్లే. 2025 జులైలో మార్కాపురం ప్రాంతంలోని నరసింహాపురంలో సుమారు 1,290 కోట్ల రూపాయల తాగునీటి పథకానికీ శంకుస్థాపన చేశారు.

ఈలోగా ఇంట్లో...

కాచి చల్లార్చితే క్రిములు చస్తాయిగానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైనకొద్దీ మిగిలినదాంట్లో దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. శుద్ధిచేసిన నీళ్లు తాగడానికే కాదు, వంటకూ వాడాలి. పప్పు, అన్నం బోరునీళ్లతో వండితే సగం జాగ్రత్త వృథా! శుభ్రంగా పట్టుకున్న వాననీళ్లు మేలు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి తినాలి. చింతపండు మీదా పరిశోధన జరిగింది. రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని జాతీయ పోషకాహార సంస్థ 2002లో తెలిపింది. అలాగని మన చారూ పులుసే వైద్యమనుకోకూడదు. తాగేనీరు మారాల్సిందే.

శాశ్వత దంతాల మీది ఎనామిల్ చాలావరకు ఎనిమిదేళ్లలోపే తయారవుతుంది. ఆ వయసు దాటాక మంచినీళ్లొచ్చినా పళ్ల మీది మచ్చ మాత్రం పోదు. వెలిగొండకు పునాదిరాయి వేసిన ఏడు పుట్టినవాళ్లకు తమ పిల్లల్ని బడిలో వేసే వయసొచ్చింది. ఆ పిల్లలకైనా ఎనిమిదేళ్లు నిండేలోగా నీళ్లు కొండ దాటి రావాలి.