రెండో కృష్ణుడి వంతు

మా జి. కొండూరు పక్క మే నెలంటే రసాల నెల. కోత పని తెమిలిన మధ్యాహ్నాల్లో చెట్టు కింద నులక మంచం వాల్చుకుంటే పొద్దు పోవడానికి చతుర్ముఖ పారాయణమే గతి. మొన్న వేసవిలో సెలవులకొచ్చిన మా అక్క కొడుకు పేకముక్కలకు బదులు ఇరవై ముఖాల పాచిక ఒకటి జేబులోంచి తీశాడు. చుట్టాల పిల్లలు నలుగుర్ని కూర్చోబెట్టి, "మీరంతా కొండపల్లి ఖిల్లాలో ఇరుక్కుపోయారు. బయట శత్రు సైన్యం. ఏం చేస్తారు?" అన్నాడు.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఇదే. ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలో పాత్ర తీసుకుని "నేనిలా చేస్తాను" అని చెబుతారు. పారిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ ఆటలు ఊపందుకున్నాయి.

గంట గడిచింది. ఇంజినీరింగ్ చదివే పెద్దవాడు సేనాపతి. తలుపు పగలగొట్టేది వాడే, కాపలావాణ్ని బుట్టలో వేసుకునేది వాడే, సొరంగం కనిపెట్టేదీ వాడే. మూలికల వైద్యురాలి పాత్ర తీసుకున్న మా తమ్ముడి కూతురు ఆ గంటలో ఆడిన మాటలు రెండు, చీకిన రసాలు మూడు.

ఈ ఆటగాళ్లు దీన్ని స్పాట్‌లైట్ సమస్య అంటారు. యుద్ధ ఘట్టంలో ఈ బాధ ఉండదు. తలా ఒకసారి పాచిక వేస్తారు, ఎక్కువ పడ్డవాళ్లు ముందు, తక్కువ పడ్డవాళ్లు వెనక. వరస తప్పదు కాబట్టి నోరు లేనివాళ్లకీ వంతు వస్తుంది. చిక్కంతా మాటల ఘట్టాల్లోనే. అక్కడ వరస లేదు, గొంతున్నవాడిదే రాజ్యం.

ఈ తగువు మనకేం కొత్త కాదు. మాకు పక్కనే మైలవరం. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో అక్కడి రాజావారి అండతో బాలభారతి నాటక సమాజం నడిచింది. యడవల్లి సూర్యనారాయణ వంటి నటులు అందులో వేషాలు కట్టారు. ఆ తర్వాత ఊరూరా కంట్రాక్టు నాటకాలు వచ్చాయి. ఒకే రాత్రికి పేరున్న గాయకులు ఇద్దరు ముగ్గుర్ని పిలిచేవారు. అందరూ కట్టేది కృష్ణ వేషమే, జనానికి అందరూ కావాలి. కనుక రాయబారం నాటకంలో పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారం సీనుకి ఇంకో కృష్ణుడు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని చెప్పుకోవడం చూసినవాళ్లకి వింతేం కాదు. పింఛం మారదు, గొంతు మారుతుంది.

పంపకం బాగానే ఉంది గానీ, 'వన్స్ మోర్' ఒకటుందే! ముందు వరసలోంచి ఆ కేక పడితే ఒకటో కృష్ణుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు. రాగం సాగేది, హార్మోనియం వెంట నడిచేది. రెండో కృష్ణుడు రంగు పూసుకుని తెర వెనక జాగారం. వేషం పంచినంత తేలిగ్గా సమయం పంచుకోలేరు. తమాషా ఏమిటంటే, ఆ పడక సీను కథే అది. ముందొచ్చినవాడు దుర్యోధనుడు, తలాపున కూర్చున్నాడు. కళ్లు తెరవగానే కృష్ణుడి చూపు పడింది మాత్రం కాళ్ల దగ్గరున్న అర్జునుడి మీద. ముందు రావడం వేరు, చూపు పడటం వేరు.

ఈ రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులే అవధానంలోనూ దిట్టలు. నన్నడిగితే స్పాట్‌లైట్‌కి అసలు పాఠం అక్కడుంది. అష్టావధానంలో ఎనమండుగురు పృచ్ఛకులు. సమస్య ఇచ్చినాయనకి అవధాని ఒక్క పాదం చెప్పి ఆపేస్తాడు. దత్తపది ఆయన దగ్గరికి వెళ్లి అక్కడా ఒక్క పాదమే. నాలుగు ఆవృత్తులు తిరిగితే గానీ ఈ పద్యాలు పూర్తి కావు. పద్యం సగంలో ఉన్నవాడు పక్కవాడి పాదాన్ని కూడా చెవి ఒగ్గి వింటాడు, ఎందుకంటే తన రెండో పాదం దాని తర్వాతే ఎక్కడో ఉంది. ఇక అప్రస్తుత ప్రసంగికి వరసతో పని లేదు, ఎప్పుడైనా అడ్డు తగులుతాడు. అంటే వాగుడుకాయ నోరు మూయించకుండా, ఆ వాగుడికే ఒక కుర్చీ వేశారు. మా సేనాపతికి సరిగ్గా సరిపోయే కుర్చీ!

కొత్త ఆటలు ఈ చిక్కుకి విరుగుడు తమ దారిలో వెతుక్కున్నాయి. 2009లో వచ్చిన 'ఫియాస్కో'లో గేమ్ మాస్టరే లేడు, ఒక్కో సన్నివేశం ఒక్కొక్కరిది. 2025 నాటి 'డాగర్‌హార్ట్'లో యుద్ధానికి కూడా వరస తీసేశారు. ఇష్టమైతే తలా కొన్ని బిళ్లలు పెట్టుకుని, ఎత్తు వేసినప్పుడల్లా ఒకటి తీసేస్తారు. బిళ్లలు అయిపోయినవాళ్లు అందరివీ అయ్యేదాకా ఆగాలి. చింతగింజలతోనూ నడుస్తుంది.

మర్నాడు మా అక్క కొడుక్కి అవధానం సంగతి చెప్పాను. ఆట మొదలైన కాసేపటికే సేనాపతికి బాణం తగిలింది. "బతుకుతానా?" అని వాడు అడుగుతుంటే మావాడు జవాబు చెప్పలేదు. అటు తిరిగి, "నీ మూలికల సంచిలో ఏముంది?" అన్నాడు. పిల్ల చేతికంటిన రసం గౌనుకి తుడుచుకుంది. "పసుపు, వేపబంక... ఇంకోటుంది, ఎవరికీ చెప్పను" అంది. చెట్టు కింద చప్పుడు లేదు. సేనాపతి మంచం మీద లేచి కూర్చున్నాడు.

మీ ఇంట్లో పిల్లలు ఇది ఆడతామంటే ఆడనివ్వండి, కానీ ఒక లెక్క చూసుకోండి. మూడు గంటల ఆటలో సగం గేమ్ మాస్టర్ మాటలకే పోయిందనుకుంటే, నలుగురు ఆటగాళ్లకి తలా ఇరవై రెండున్నర నిమిషాలు మిగులుతాయి. ఆరుగురైతే పదిహేనే. పిల్లలు ఎక్కువైతే రెండు మంచాలు వేయండి.